వన్స్‌మోర్ వినిపించని చోట

పద్య నాటకాలు జోరుగా ఆడిన రోజుల్లో నటుడు పద్యం ఎత్తుకుని, రాగం సాగదీసి దించేసరికి జనంలోంచి 'వన్స్‌మోర్' అని కేక లేచేది. కథ అక్కడే ఆగిపోయేది. రాయబారానికి వచ్చిన కృష్ణుడైనా, కాటి కాపరి హరిశ్చంద్రుడైనా మళ్లీ ముందుకొచ్చి అదే పద్యం పాడాల్సిందే. నాటకం ఇంకా సగం కూడా కాలేదు. తెల్లవారేసరికి రక్తి కడుతుందో లేదో ఎవరికీ తెలియదు. అయినా ఆ ఒక్క పద్యానికి దక్కాల్సింది ఆ ఘడియలోనే దక్కేది. హరికథలో చదివింపులూ అంతే. ఇచ్చింది ఎంత తక్కువైనా ఇచ్చినవాళ్ల పేరు పైకి చదివి, ఒక ఆశీర్వచనం పలికాకే కథ ముందుకు సాగేది. అవధానంలో సమస్య విడగానే 'భేష్' అంటారు తప్ప, ధారణ అంతా ముగిసేదాకా ఆ మాట దాచిపెట్టుకోరు. ఖమ్మం ప్రాంతానికి ఈ పద్ధతి బాగా తెలుసు. జక్కేపల్లికి చెందిన చందాల కేశవదాసు హరికథలు చెప్పారు, నాటకాలు రాశారు, 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు పాటలు రాశారు. ఆ తరం రచయితకు తన మాట ఎవరికి తగిలిందో, ఎక్కడ తగిలిందో కళ్లారా చూసుకునే వీలుండేది.

ఇవాళ అదే ప్రాంతంలోని వైరాలో కూర్చుని తొలి కథ రాసేవాళ్లకు ఆ వీలు లేదు. కథ టైపు చేసి, ఏదో ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి మెయిల్ పంపుతారు. తర్వాత వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. ఒక ఆదివారం పొద్దున కథ అచ్చయి కనిపిస్తుంది. సోమవారానికి ఆ కాగితం బస్టాండు దగ్గర బజ్జీల పొట్లం అవుతుంది. చదివినవాళ్లు ఎక్కడో ఉన్నారు, వాళ్ల మొహాలు కనబడవు. ఆ ఖాళీలోకి మనసు తన మాటలు తెచ్చి పెడుతుంది: 'అచ్చయింది సరే, పెద్ద పత్రికలో కాదుగా', 'ఒక్క కథతో ఏమవుతుంది', 'సంపుటి వచ్చినప్పుడు చూద్దాం'. సంపుటి వచ్చాక సమీక్ష, సమీక్ష వచ్చాక అవార్డు. ఇలా ప్రతి సంతోషమూ తర్వాతి దానికి వాయిదా పడుతూనే ఉంటుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. రంగస్థలం మీది కళాకారుడికి జనమే కల్పించే ఆ ఆగుడు, రాసేవాళ్లకు దానంతటది రాదు. దాన్ని ఎవరికి వారు కావాలనే పెట్టుకోవాలి. అది గర్వం కాదు, తీరిక ఉన్నవాళ్ల సరదా కూడా కాదు. ఏళ్ల తరబడి రాయాలనుకునేవాళ్లకు అది రాతపనిలో ఒక భాగం.

ముందు చిన్న విజయం అంటే ఏమిటో తేల్చుకుందాం. అచ్చు కావడం ఒక్కటే లెక్కయితే ఏడాదికి ఒకటో రెండో ఉంటాయి, కొన్నేళ్లు ఏదీ ఉండదు. కానీ రాతలో జరిగే మంచి అంతకంటే చాలా ఎక్కువ. నాలుగు నెలలుగా మొండికేసిన కథకు ముగింపు దొరకడం, పాత్రలు పుస్తకాల భాష వదిలి వైరా సంతలో వినబడే మాట పలకడం, సంపాదకుడు కథ తిప్పి పంపుతూ 'రెండో భాగం బాగుంది, మొదటిది కుదించండి' అని ఒక వాక్యం రాయడం, ముక్కూ మొహం తెలియని మనిషి ఏన్కూరు నుంచో కల్లూరు నుంచో ఫోన్ చేసి 'మీ కథలో ముసలమ్మ మా అత్తలాగే ఉందండి' అనడం. వీటిలో చివరిది ఒక్కటే పైవాళ్లకు విజయంలా కనిపిస్తుంది. మిగిలినవి రాసిన మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియవు. అందుకే అవి గుర్తింపు లేకుండా జారిపోతాయి. తిప్పి పంపిన కథ వెంట వచ్చిన ఆ ఒక్క వాక్యాన్ని చాలామంది అవమానంగానే దాచుకుంటారు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. పని ఒత్తిడిలో మునిగి ఉన్న సంపాదకుడు మీ కథ చివరిదాకా చదివి, ఎక్కడ బాగుందో గుర్తుపట్టి, అది రాసి పంపడం చిన్న సంగతి కాదు.

ఇలాంటి చిన్న సంగతులకు మనిషిని నడిపించే శక్తి నిజంగా ఉందా? హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన తెరెసా అమబిలే, పరిశోధకుడు స్టీవెన్ క్రేమర్ 7 కంపెనీల్లో పనిచేసే 238 మంది చేత రోజూ పని ముగిశాక డైరీ రాయించారు. దాదాపు 12 వేల రోజుల డైరీలు పోగయ్యాయి. వాటిని విశ్లేషించి 2011లో పుస్తకంగా తెచ్చారు. మనిషి ఉత్సాహంగా, చురుగ్గా గడిపిన రోజుల్లో అన్నిటికన్నా తరచుగా కనబడింది జీతమూ మెచ్చుకోలూ కాదు, తనకు విలువైన పని కాస్త ముందుకు జరగడం. ఇంకో సంగతి కూడా బయటపడింది. పని మీద స్వల్ప ప్రభావమే చూపిన సంఘటనల్లో వందకు 28 దాకా మనసు మీద గట్టి ముద్ర వేశాయి. ఆఫీసుల సంగతి కథకులకు ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. కథకులకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుందంటాను. ఆఫీసులో పనిచేసేవాళ్లకు నెల తిరిగితే జీతం వస్తుంది, పక్క కుర్చీలో తోడు ఉంటుంది. మనసు చల్లబడిన రోజున వాళ్లను పట్టి నిలబెట్టడానికి వేరే ఆధారాలున్నాయి. తెలుగులో కథలు రాసేవాళ్లను నిలబెట్టే ఆధారం పని ముందుకు కదిలిందన్న స్పృహ ఒక్కటే. దాన్ని కూడా గుర్తించకుండా వదిలేస్తే మిగిలేదేమీ ఉండదు.

మన సాహిత్య చరిత్రలో ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఉంది. తెలంగాణలో కవులే లేరని ఒకాయన తీసిపారేసినప్పుడు, గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగి ఊరుకోలేదు. ఊరూరి కవులనూ పద్యాలు, వివరాలు పంపమని అడిగారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వచ్చింది. ఆ మాటకు ఒక మహాకావ్యాన్ని ముందు పెట్టి జవాబు చెప్పవచ్చు, ఒక మహాకవి పేరు చెప్పి ఊరుకోవచ్చు. ప్రతాపరెడ్డి ఎంచుకున్న జవాబు వేరు. అది వందలాది చిన్న గెలుపులను ఒకచోట చేర్చిన జవాబు. ఆ జాబితాలో తర్వాతి కాలంలో పేరు నిలిచినవాళ్లు కొద్దిమందే. మిగిలిన చాలామంది గురించి ఇవాళ సామాన్య పాఠకుడికి ఏమీ తెలియదు. ఏ పల్లెలోనో పాఠం చెప్పుకునో, కరణీకం చేసుకునో బతుకుతూ ఆ సంచికలో నాలుగు పద్యాలు చూసుకున్న మనిషి 'ఇంతేనా' అనుకుని ఉంటే పొరపాటు పడినట్టే. ఒక ప్రాంతపు మర్యాద ఆ నాలుగు పద్యాల మీద కూడా నిలబడింది. తన రచన ఎంత బరువు మోస్తుందో దాన్ని రాసినవాళ్లకు రాసిన రోజున తెలియదు. అందువల్ల, చిన్నదని తేల్చి చెప్పే హక్కు ఆ రోజున రాసినవాళ్లకు కూడా లేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. మంచి రచయితలు తృప్తి లేనివాళ్లు కదా, చిన్న విజయాలకు మురిసిపోతే రాత అక్కడే ఆగిపోదా? కాళీపట్నం రామారావును తీసుకోండి. ఆయన రాసింది తక్కువ. 'యజ్ఞం' కథ 1964లో రాకముందు కొన్నేళ్లు కలం పక్కన పెట్టారు. తన కథల విషయంలో అంత కటువుగా ఉన్న మనిషి ఆయన. కానీ ఆ మనిషే 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ సేకరించాలన్నది దాని సంకల్పం. గొప్ప కథలను ఏరి దాచే చోటు కాదది. ఏ వారపత్రిక మూలనో వచ్చి, రాసినవాళ్ల దగ్గర కూడా ప్రతి మిగలని తొలి కథకూ అక్కడ చోటుంది. తన రాతను నిప్పుల మీద పరీక్షించుకున్న మనిషే, అచ్చయిన ప్రతి కథనూ తూకం వేయకుండా లోపలికి రమ్మన్నారు. ఈ రెండూ ఒకే గుండెలో ఇమిడాయంటే వాటి మధ్య పేచీ లేదన్నమాట. రాయబోయే వాక్యం మీద అసంతృప్తి ఉండాలి, రాసి ముగించిన పని మీద గౌరవం ఉండాలి. కొత్తగా రాసేవాళ్లు తరచుగా దీన్ని తిరగేస్తారు. రాయబోయే దాని గురించి గొప్పగా ఊహించుకుంటారు, రాసేసిన దాన్ని చులకన చేస్తారు.

అయినా ఆ అభ్యంతరాన్ని అంత తేలిగ్గా దాటకూడదు, ఎందుకంటే దానికి పరిశోధనల దన్ను ఉంది. బరువు తగ్గాలనుకుంటున్న కొందరికి 'మీరు బాగానే తగ్గుతున్నారు' అనే భావన కలిగించి, తర్వాత ఆపిల్ పండు, చాక్లెట్ ముందు పెట్టి ఏది కావాలో తీసుకోమన్నారు ఆయెలెట్ ఫిష్‌బాక్, రవి ధర్ అనే పరిశోధకులు. ముందుకు వచ్చామనుకున్నవాళ్లు ఎక్కువగా చాక్లెట్ వైపే మొగ్గారు. 2005లో అచ్చయిన ఈ పరిశోధన చెప్పేది ఇది: ముందుకు వచ్చామన్న భావన ఇక కాస్త వదిలేయవచ్చన్న అనుమతిగా మారగలదు. కథ అచ్చయిందని మూడు నెలలు కలం ముట్టనివాళ్లు మన మధ్యే ఉన్నారు. అయితే అదే దారిలో సాగిన పరిశోధనలు మరో సంగతి కూడా చూపాయి. వేసిన అడుగును 'ఇంత దూరం వచ్చేశాను' అని కొలుచుకుంటే మనిషి సడలుతాడు, 'ఈ పని నాకు ఇంత ముఖ్యం' అనడానికి గుర్తుగా తీసుకుంటే నిలబడతాడు. చిన్న విజయం నుంచి ఏ అర్థం తీసుకుంటున్నామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. కథ అచ్చయిన రోజున 'నేను రచయితనైపోయాను' అనుకోకండి. 'పొద్దున్నే లేచి రాసిన ఆ నలభై రోజులు ఈ కథ అయ్యాయి' అనుకోండి. మొదటి మాట హోదాను చూసుకుంటుంది, రెండోది పనిని చూసుకుంటుంది. రెండో మాట అన్న మనిషి మర్నాడు కూడా పొద్దున్నే లేస్తాడు.

రెండో అభ్యంతరం మన ఇళ్లలోంచే వస్తుంది. చెప్పుకుంటే దిష్టి తగులుతుంది, గొప్పలు పోతున్నారనుకుంటారు, నిండు కుండ తొణకదు. ఈ మాటల వెనక మంచి సంస్కారం ఉంది, నేను దాన్ని తోసిపుచ్చను. కానీ ఎవరికి చెబుతున్నాం, ఏం చెబుతున్నాం అన్న తేడా ఉంది. షెల్లీ గేబుల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2004లో అచ్చయిన పరిశోధనలో, మంచి కబురు ఇంకొకరితో పంచుకున్నప్పుడు ఆ సంతోషం పెరుగుతుందని, విన్న మనిషి ఆసక్తిగా వివరాలు అడిగి తెలుసుకుంటే అనుబంధం కూడా గట్టిపడుతుందని చూపారు. విన్నవాళ్లు ముభావంగా ఊరుకుంటే ఆ మేలు జరగదు. అంటే, నాలుగు వందల మంది చూసే వాట్సాప్ స్టేటస్ కంటే 'ఏదీ, ఇలా ఇవ్వు, చదువుతా' అనే ఒక్క మనిషి మేలు. అలాంటి మనిషి బడిలో చదువు చెప్పిన తెలుగు మాస్టారు కావచ్చు, కథలంటే చెవి కోసుకునే పెద్దమ్మ కావచ్చు, ఖమ్మంలో నెలకోసారి కలిసే సాహిత్య మిత్రుడు కావచ్చు. ఇక ఏం చెప్పాలన్న దానికి పీటర్ గోల్‌విట్జర్ బృందం 2009లో అచ్చు వేసిన పరిశోధన దారి చూపుతుంది. చేయబోయే పని గురించి నలుగురికీ ప్రకటించినవాళ్లు, ఆ ప్రకటనతోనే సగం సాధించినట్టు భావించి, అసలు పనిలో వెనకబడ్డారు. కాబట్టి 'నవల మొదలుపెడుతున్నాను' అన్న మాట మనసులోనే ఉండనివ్వండి, 'కథ పూర్తయింది' అన్న మాట మాత్రం చెప్పండి. దిష్టి భయం మొదటి మాటకే తగును. చేతికొచ్చిన పంటకు దిష్టి తీయాలి తప్ప దాన్ని చేలోనే వదిలేయకూడదు.

చిన్న విజయాన్ని ఆస్వాదించడం ఎలా అన్న ప్రశ్నకు భద్రాచలం అడవి వైపు చాలా పాత జవాబు ఉంది. అక్కడి కోయ, కొండరెడ్డి పల్లెల్లో కొత్తల పండుగ చేస్తారు. పంట చేతికొచ్చినా, కొత్త గింజను దేవతలకు పెట్టకముందు ఎవరూ నోట పెట్టరు. గింజలకే కాదు, చిక్కుడుకూ మామిడికీ కూడా వేరుగా కొత్త తీసే ఆచారం చాలా పల్లెల్లో ఉంది. ఆ ఆచారంలో నాకు కనిపించే లోతు ఇది. ఏడాది పంటలన్నీ ఇల్లు చేరాక ఒకేసారి పెద్ద పండుగ చేసుకుందామని వాళ్లు అనుకోరు. ఏది వచ్చినప్పుడు దాని ముందు ఆగుతారు. ఆ ఆగుడులో కృతజ్ఞత ఉంది, గుర్తింపు ఉంది, నలుగురూ కలిసి తినడం ఉంది. తర్వాత మళ్లీ పనిలోకి వెళ్తారు. తిండికి కరువు లేనివాళ్ల విలాసం కాదది, అడవి మీదా వాన మీదా ఆధారపడి బతికేవాళ్ల పద్ధతి. ఏది ఎప్పుడు దక్కుతుందో తెలియని రాతపనికి ఇంతకంటే తగిన నమూనా నాకు కనబడలేదు.

దీన్ని రాతకు ఇలా అన్వయించుకోవచ్చు. కథ అచ్చయిందనో, అంగీకారమైందనో, చివరి వాక్యం కుదిరిందనో తెలిసిన రోజున ఇంకో పత్రికకు ఇంకో కథ పంపే పని పెట్టుకోకండి. ఆ ఒక్క పూట వదిలేయండి. పత్రిక రెండు ప్రతులు కొని ఒకటి కత్తిరించి, తేదీ వేసి దాచండి. రెండోది ఊళ్లో గ్రంథాలయానికో, కథలో మీరు తలచుకున్న మనుషుల ఇంటికో ఇవ్వండి. సాయంత్రం ఎవరికైనా కథ పైకి చదివి వినిపించండి. సావధానంగా వినే మనిషి ఎక్కడో ఒకచోట 'ఆ ముక్క మళ్లీ చదువు' అంటారు. అచ్చ తెలుగులో వన్స్‌మోర్ అంటే అదే. మీ వాక్యాల్లో ఏది పలికిందో ఆ ఒక్క మాట చెప్పినట్టు ఏ సమీక్షా చెప్పదు. అంటే ఆస్వాదించడమే మంచి శిక్షణ కూడా అవుతుంది. ఫ్రెడ్ బ్రయంట్, జోసెఫ్ వెరాఫ్ అనే పరిశోధకులు 2007లో ఈ విషయం మీద ఒక పుస్తకమే రాశారు. పంచుకోవడం, గుర్తు దాచుకోవడం సంతోషాన్ని పెంచుతాయని, 'ఇంకా బాగా జరిగి ఉండాల్సింది' అనే లెక్కలు దాన్ని చంపుతాయని అందులో వివరించారు. ఆ లెక్కలు వేయాల్సిందే, కానీ ఆ పూట కాదు. వైరా చుట్టుపక్కల మిరప పండించే రైతు ఏడాదికి ఒకే కోత కోయడు, కాయ పండిన కొద్దీ విడతలుగా కోస్తాడు. ప్రతి కోతనూ కల్లంలో ఆరబోస్తాడు, తర్వాత తాలు కాయలు ఏరేస్తాడు. ఎండకముందే ఏరడం మొదలుపెట్టడు. అచ్చయిన కథలో అచ్చుతప్పులూ అతకని పేరాలూ ఉంటాయి, వాటిని ఏరడానికి వారం తర్వాత కూర్చోండి.

అసలు విజయం పుస్తకమే కదా, మిగిలినవన్నీ దారిలోవే కదా అనేవాళ్లకు శ్రీశ్రీ 'మహాప్రస్థానం' ఒక్కటి చాలు. అందులో కవితలు చాలావరకు 1930లలో పుట్టాయి, పుస్తకం 1950లో వచ్చింది. ఆ మధ్య ఏళ్లలో అవి పత్రికల్లో అచ్చయి, చేతిరాత ప్రతుల్లో తిరిగి, యువకుల నోళ్లలో ఆడి బతికాయి. పుస్తకం రాకముందే అవి చేయాల్సిన పని చేశాయి. వైరాలో ఉన్న కొత్త కవి సంపుటికి డబ్బు కూడేదాకా తన కవిత పుట్టనట్టే లెక్కేసుకోనక్కర్లేదు.

ఒక ప్రశ్న మిగిలింది. అదే అన్నిటికంటే కష్టమైనది. ఏ పత్రికా కథ వేసుకోని మనిషి, ఎవరూ ఫోన్ చేయని మనిషి ఏం ఆస్వాదించాలి? ఇక్కడ నేను తేలికపాటి ఓదార్పు చెప్పదలచుకోలేదు. తిరస్కారం తిరస్కారమే, దాన్ని విజయమని పిలిస్తే రాసే మనిషిని మోసం చేసినట్టు. తెలుగులో కథలు వేసే పత్రికలు ఒకప్పటికంటే తగ్గాయి, మంచి కథ కూడా చోటు లేక వెనక్కి వస్తుంది. అంతమాత్రాన తిప్పి పంపిన ప్రతిదీ మంచి కథ అయిపోదు. కానీ ఇతరుల నిర్ణయంతో పని లేకుండా జరిగేది ఒకటుంది, అది పూర్తి చేయడం. ఊళ్లో కథ రాయాలనుకునేవాళ్లు ఎందరో ఉంటారు, మొదలుపెట్టేవాళ్లు కొందరు, ముగించేవాళ్లు అతి కొద్దిమంది. పగలంతా ఎరువుల దుకాణంలోనో బడిలోనో పొలంలోనో పనిచేసి, రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని, మొదలుపెట్టిన కథను చివరి చుక్క దాకా తీసుకురావడం అచ్చుకు ముందే జరిగిన పని. అచ్చు కాకపోతే అది చెరిగిపోదు. దానికి కూడా ఒక కొత్త తీయాలి. అందుకు పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం చాలు, పేజీకి ఒక్క పద్దు. మొదటి పద్దు ఇలా ఉండవచ్చు: కథ పేరు, పూర్తయిన తేదీ, ఎన్ని పేజీలు, ఎక్కడ చిక్కుపడింది, ఎలా విడింది, మొదట ఎవరు విన్నారు. కింద కాస్త చోటు వదిలి పెట్టండి, ఆ విన్న మనిషి ఏ ముక్క మళ్లీ చదవమన్నారో రాసుకోవడానికి.